వైడ్ లెన్సు మీ జేబులోనే ఉంది

మొదటి కెమెరా కొనబోయేవాళ్లకు ఎక్కడ చూసినా ఒకే మాట చెప్తున్నారు. బయట తిరిగి గుట్టలు, చెరువులు, గుళ్లు తీయాలంటే మంచి వైడ్ లెన్స్ (ఒకేసారి చాలా వెడల్పు చూపేది) ఉండాలట, దాని వెనక ఫుల్ ఫ్రేమ్ బాడీ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) ఉంటే ఇంకా మంచిదట. ఈ మాట చెప్పేవాళ్లు ఎక్కడ నిలబడి తీస్తున్నారో చూడండి. లడాఖ్, స్పితి, ఐస్‌లాండ్. సగం ఆకాశాన్ని మింగేసిన కొండ ఎదురుగా ఉన్నప్పుడు ఎంత వైడ్ పెట్టినా కొండ కొండలాగే కనిపిస్తుంది. మన దగ్గర అట్లా కాదు. వరంగల్ నుంచి ములుగు పోయినా, అటు భూపాలపల్లి, మంచిర్యాల పోయినా చాలామటుకు చదును నేలే. మధ్యమధ్య రాళ్ల గుట్ట, గుట్ట కింద చెరువు, చెరువు అవతల తాటిచెట్ల వరుస. దీన్ని 16 ఎంఎంలో (ఈ అంకె తగ్గేకొద్దీ చూపు వెడల్పు, పెరిగేకొద్దీ దూరపుది దగ్గర) తీస్తే పైనంతా ఆకాశం, కిందంతా పొలంగట్టు, నడుమ ఎక్కడో వెతుక్కుంటే గుట్ట.

అందుకే నా సలహా వేరే. ఉత్తర తెలంగాణలో తిరిగి ఫొటోలు తీద్దామనుకునేవాళ్లు మొదట కొనాల్సింది ఒక పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ, దానికి 250 ఎంఎం దాకా పోయి దూరపువాటిని దగ్గర చేసే చౌక టెలి జూమ్. వైడ్ లెన్సు మీద, ఫుల్ ఫ్రేమ్ మీద ఇప్పుడే పైసలు పెట్టొద్దు.

మా పిన్ని కొడుకు ఈమధ్య ఇదే అడిగాడు. డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో చేరాడు, చేతిలో నాలుగు రూపాయలు ఆడుతున్నాయి. "అన్నా, లోన్ మీద ఫుల్ ఫ్రేమ్ తీసుకుంటే ఎట్లుంటది? ఎప్పటికైనా పనికొస్తది గదా" అన్నాడు. ఏం తీస్తావురా అంటే, ఫోన్‌లో తాను తీసిన ఫొటోలు చూపించాడు. భద్రకాళి చెరువు మీద పొద్దుగూకుడు, లక్నవరం వేలాడే వంతెన, కోటలో కీర్తి తోరణం. బాగానే ఉన్నాయి. "మరి ఇవి ఫోన్‌లోనే మంచిగొచ్చినయ్ గదా, కెమెరా ఎందుకు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "దూరంగున్నయి రావట్లేదన్నా" అన్నాడు. వాడు అడిగిన ప్రశ్నకు జవాబు వాడే చెప్పాడు.

ఫోన్ మెయిన్ కెమెరా చూపే వెడల్పు ఫుల్ ఫ్రేమ్ లెక్కలో దాదాపు 24 నుంచి 26 ఎంఎం. పక్కన అల్ట్రా వైడ్ ఉంటే ఇంకా వెడల్పు. పగటి వెలుతురులో, ఫోన్ తెర మీదో, చిన్న ప్రింటు మీదో చూసుకునే ఫొటోకు ఆ వైడ్ చాలు. వేలు పోసి 10-18 వైడ్ లెన్స్ కొంటే వచ్చేది, ఇప్పటికే మీ దగ్గరున్న చూపుకే కాస్త మెరుగు. అదే డబ్బు టెలి మీద పెడితే, ఫోన్ ఎంత సాగదీసినా రాని చూపు వస్తుంది. ఎట్లాగూ బాడీతోపాటు 18-55 కిట్ లెన్స్ వస్తుంది, వెడల్పు కావాల్సినప్పుడు అదీ ఉంటుంది. కిట్ లెన్సును తీసిపారేసే పెద్దమనుషుల మాట వినకండి. అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర పెట్టి తీస్తే ఆ లెన్సుకు వంక పెట్టడం వాళ్లవల్ల కూడా కాదు.

టెలి అనగానే చాలామందికి పిట్టలే గుర్తొస్తాయి. దాని అసలు లాభం వేరే. వరంగల్ కోటలోనే చూద్దాం. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో స్వయంభూ శివాలయ శిథిలాలు. ఒక తోరణంలోంచి ఎదుటి తోరణం కనిపించేట్టు ఫొటో తీయాలని అక్కడికి పోయిన ప్రతివాళ్లూ అనుకుంటారు. రెంటికీ మధ్య 150 మీటర్లు అనుకుందాం. ఫోన్ పట్టుకుని దగ్గరి తోరణానికి 10 మీటర్లలో నిలబడితే, రెండోది 160 మీటర్ల దూరంలో ఉంటుంది, అంటే పదహారో వంతు సైజులో. ఫొటోలో అది తోరణం కాదు, అగ్గిపెట్టె. ఇప్పుడు వెనక్కి నడవండి. దగ్గరి తోరణం 60 మీటర్లకు పోయేసరికి రెండోది 210 మీటర్లు. తేడా మూడున్నర రెట్లకు దిగింది. అక్కడి నుంచి టెలితో లాగితే రెండు తోరణాలూ ఒకదాని వెనక ఒకటి, దేని గాంభీర్యం దానికి ఉండేట్టు నిలబడతాయి. ఈ మాయ లెన్సుది కాదు, మీరు వేసిన అడుగులది. దూరం మారితేనే వస్తువుల మధ్య నిష్పత్తి మారుతుంది. వెనక్కి పోయాక ఫ్రేమ్ నిండేట్టు చూడటమే లెన్స్ పని. ఫోన్‌తో కూడా వెనక్కి పోవచ్చు, కానీ అంత దూరం నుంచి ఆ కొంచెం ముక్కను కత్తిరించుకుంటే మిగిలేది పిక్సెళ్ల పొడి.

రామప్పలో ఇదే సంగతి ఇంకో తీరుగా కనిపిస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచి జనం పెరిగారు, మదనికలనే స్త్రీ శిల్పాల కింద ఫోన్లు ఎత్తిపట్టుకున్న చేతులూ పెరిగాయి. చూరు కింద, తల కంటే చాలా ఎత్తులో, వాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు. సరిగ్గా కిందికి పోయి ఫోన్ ఎత్తితే ఏం వస్తుంది? గడ్డం అడుగు, ముక్కు రంధ్రాలు, లేనంత లావు కాళ్లు. శిల్పి చెక్కిన కొలతలన్నీ తలకిందులు. ప్రాంగణంలోకి పదిహేను, ఇరవై మీటర్లు వెనక్కి వచ్చి 150 ఎంఎం దగ్గర చూడండి. చూపు కోణం తగ్గిపోతుంది, మనిషి మనిషిగా నిలబడుతుంది. నడుము వంపు, మెడలో హారాల వరుసలు, గైడ్లు అందరికీ చూపించే ఆ ఎత్తు మడమ చెప్పులు, అన్నీ సరైన పాళ్లలో కనిపిస్తాయి.

అక్కడ ఎక్స్‌పోజర్‌తో కూడా ఒక చిక్కు ఉంది. కెమెరా మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగు అనుకునే రకం. ఫ్రేమంతా నల్లరాయి నింపితే, అది చీకటి అనుకుని వెలుతురు పెంచి, నిగనిగలాడే రాయిని పాలిపోయిన బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గిస్తే నలుపు నలుపుగా వస్తుంది. అదే శిల్పం వెనక తెల్లటి ఆకాశం ఉంటే కథ తిరగబడుతుంది, బొమ్మ మొత్తం మసి అవుతుంది. వైడ్‌లో ఆ ఆకాశాన్ని తప్పించడం కష్టం. టెలిలో రెండడుగులు పక్కకు జరిగితే వెనక చూరు నీడో, గోడో వచ్చి కూర్చుంటుంది.

పిట్టల సంగతికొస్తే మన రాష్ట్ర పక్షి పాలపిట్టనే లెక్క వేద్దాం. దసరా నాడు దాన్ని చూడటానికి ఊరు దాటి పోతాం గానీ, మిగతా రోజుల్లో కరెంటు తీగల మీద కూర్చుని మనల్నే చూస్తుంటుంది. పొడవు దాదాపు ఒక అడుగు. 10 మీటర్ల దూరం నుంచి ఫోన్ మెయిన్ కెమెరాలో ఫ్రేమ్ ఎత్తు దాదాపు 10 మీటర్లు, అంటే పిట్ట అందులో ఒక చుక్క. క్రాప్ బాడీ మీద 250 ఎంఎం పెడితే అదే దూరానికి ఫ్రేమ్ ఎత్తు 60 సెంటీమీటర్లు. పిట్ట దాదాపు సగం ఫ్రేమ్ నింపుతుంది. ఇక ఆ 10 మీటర్ల దాకా ఎట్లా పోవాలంటే, నడిచి పోతే ఎగిరిపోతుంది, బండి మీద పోతే చాలాసార్లు పట్టించుకోదు. మెల్లగా పోయి, ఇంజన్ బంద్ చేసి, దిగకుండా సీటు మీద కూర్చునే తీయండి. దిగి స్టాండు వేసే లోపు అది పక్క స్తంభం మీద ఉంటుంది.

చంద్రుడు కూడా అంతే. ఫోన్‌లో తెల్ల చుక్క. 250 ఎంఎంలో ఫ్రేమ్ ఎత్తులో దాదాపు ఏడో వంతు. ఏడో వంతేనా అనకండి. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు, కాబట్టి 300 మీటర్ల దూరంలో ఉన్న రెండున్నర మీటర్ల వస్తువు చంద్రుడంతే కనిపిస్తుంది. అంటే పాకాల చెరువు కట్ట మీద నడిచిపోయే మనిషి, మీరు తగినంత దూరంలో సరైన చోట ఉంటే, లేచే చంద్రుడి ముందు నిండుగా సరిపోతాడు. పున్నమి నాడు కంటే ముందురోజు పోవడం మేలు. ఆ రోజు చంద్రుడు పొద్దుగూకకముందే లేస్తాడు, నేల మీద ఇంకా వెలుతురు ఉంటుంది.

ఇక బాడీ. ఇక్కడ నాకు పట్టింపు తక్కువ. కెనన్ 200డీ, నికాన్ డీ5600, సోనీ ఏ6000, వీటిలో ఏది మంచి స్థితిలో దొరికితే అది. మూడూ 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్లే. క్రాప్ అంటే సెన్సర్ చిన్నది, 36×24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ బదులు సుమారు 23.5×15.6, కెనన్‌లో ఇంకొంచెం చిన్నది. రాత్రి ఫొటోల్లో దాదాపు ఒక స్టాప్ వెనకబడుతుంది, నిజమే. కానీ అదే చిన్న సెన్సర్ వల్ల 250 ఎంఎం లెన్స్ నికాన్, సోనీల మీద 375లాగా, కెనన్ మీద 400లాగా పనిచేస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌లో ఆ దూరం కావాలంటే లెన్స్ బరువూ ధరా ఎక్కడికో పోతాయి. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొనే స్తోమత ఉంటే నికాన్ జెడ్50, కెనన్ ఆర్50 లాంటివి కొనుక్కోండి, తప్పేం లేదు. వాటికి కూడా చిన్న టెలి జూములు ఉన్నాయి.

సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఇప్పుడు కొనేవాడి వైపే ఉంది. స్టూడియోలవాళ్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఒక్కొక్కరే మిర్రర్‌లెస్‌కు మారుతూ, లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌లు వదిలించుకుంటున్నారు. అట్లా వచ్చే బాడీల దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక్క పెళ్లిలో వేల క్లిక్కులు కొడతారు, ఒక ముహూర్తాల సీజన్‌లో బాడీ ఎంత అరుగుతుందో ఊహించుకోండి. చాలా మధ్యరకం బాడీలకు కంపెనీలు చెప్పే షట్టర్ ఆయుష్షు లక్ష క్లిక్కులు. నికాన్ అయితే తాజాగా తీసిన ఒక ఫొటో ఫైల్‌లోనే ఆ లెక్క దొరుకుతుంది, కెనన్‌లో అంత సులువు కాదు. నా ఓటు పెళ్లి కెమెరాకు కాదు, పిల్లవాడు పుట్టినప్పుడు సరదాగా కొని బీరువాలో పెట్టినవాళ్ల కెమెరాకు. బాడీతో రెండు లెన్సులిచ్చే డ్యూయల్ కిట్‌తో వచ్చిన 55-250, 70-300 లెన్సులు ఇట్లాంటి ఇళ్లలో డబ్బా నుంచి సరిగ్గా బయటికే రాలేదు.

బీరువాలో ఉందంటే ఇంకో భయం, ఫంగస్. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. గాజు లోపల సాలెపోగుల్లాంటి తెల్లటి గీతలు కనిపిస్తే, ఎంత తక్కువకిచ్చినా వద్దు. నాలుగు ధూళి కణాలుంటే పర్వాలేదు, ఫొటోలో కనబడవు. ఆటోఫోకస్ దగ్గరికీ దూరానికీ పరుగెత్తించి చూడండి, స్టెబిలైజేషన్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఆన్ చేసి వ్యూఫైండర్‌లో బొమ్మ కుదురుతోందా చూడండి.

లెన్స్ పేరు చివరి దాకా చదవాలి, మోసమంతా అక్కడే. కెనన్‌లో మీకు కావాల్సింది 55-250 ఐఎస్ (స్టెబిలైజేషన్‌కు కెనన్ పేరు), అందులో ఎస్‌టీఎం (ఫోకస్ మోటర్ రకం) అయితే మరీ మంచిది. పక్కనే 75-300 ఇంకా తక్కువకు దొరుకుతుంది, దానికి స్టెబిలైజేషన్ లేదు. 50 ఎంఎం ఎక్కువొస్తుందని ఆశపడి తీసుకుంటే ఫొటోలన్నీ వణుకుతాయి. నికాన్ ఏఎఫ్-పీ 70-300 కూడా వీఆర్ (స్టెబిలైజేషన్‌కు నికాన్ పేరు) ఉన్నదీ లేనిదీ రెండు రకాలు, చూడటానికి ఒకేలా ఉంటాయి. పైగా ఏఎఫ్-పీ లెన్సులు డీ3100, డీ5100, డీ7000 లాంటి పాత బాడీల మీద పనిచేయవు. డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు కాబట్టి పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ కావు. దుకాణంలో ఈ సంగతులు అందరూ చెప్పరు.

టెలికి తిప్పలు లేవని కాదు. 250 ఎంఎంలో చేతి వణుకు బాగా కనిపిస్తుంది, షట్టర్ వేగం సెకనులో 400వ వంతుకు తగ్గకుండా చూసుకోవాలి. స్టెబిలైజేషన్ ఉంటే ఇంకా తగ్గొచ్చు, కానీ అది మీ చేతిని ఆపుతుంది గానీ పిట్ట మెడను ఆపదు. అసలు శత్రువు మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటిందంటే నేల మీంచి లేచే వేడిగాలికి దూరపు బొమ్మ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అది షార్ప్ కాదు. లెన్స్ పాడైందని సర్వీస్ సెంటర్‌కు మోసుకుపోయేవాళ్లు కూడా ఉన్నారు. ఆ నెలల్లో పొద్దు పొడవకముందే అక్కడుండాలి. దానికి బదులు వానకాలంలో రెండు జల్లుల మధ్య గాలి కడిగినట్టు ఉంటుంది, లక్నవరం కట్ట మీంచి వెనక గుట్టల వరుసలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. చలికాలం పొద్దున పొగమంచులో అయితే ఆ వరుసలు ఒక్కొక్కటీ పలచబడుతూ పోతాయి. 18 ఎంఎంలో ఇదంతా ఒక సన్నటి గీత.

వెలుతురు తగ్గితే ఈ చౌక జూములు చేతులెత్తేస్తాయి. 250 దగ్గర వాటి అపర్చర్ ఎఫ్ 5.6 నుంచి 6.3. అందుకే జీతం ఇంకో రెండు నెలలు వచ్చాక రెండో లెన్స్ కొనండి, 35 లేదా 50 ఎంఎం, ఎఫ్ 1.8. 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికొస్తుంది. రామప్ప రంగమండపంలో స్తంభాల నీడలో అదే దిక్కు, ఎందుకంటే పురావస్తు శాఖ కింద ఉన్న గుళ్లలో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి, ఊరికే పట్టుకుపోతే గేటు దగ్గరే ఆగిపోతుంది. సద్దుల బతుకమ్మ రోజు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర కూడా అంతే. ఆడేది పొద్దుగూకినంక, వెలుతురు దీపాలదీ వీధిలైట్లదీ. ఫ్లాష్ కొడితే ఆ రంగంతా పోతుంది.

ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. మీ మనసు గుట్టల మీద కాకుండా మనుషుల మీద, ఇండ్ల మీద ఉంటే ఈ వరుస తిరగేయండి. మన వరంగల్‌లోనే పుట్టి, తెలంగాణ పల్లె బతుకును ఫొటోల్లో, బొమ్మల్లో పెట్టి, 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్ దారి మీకు నచ్చితే ముందు ఆ 35 కొనండి. ముసలవ్వ ముఖాన్ని వీధి అవతల నుంచి 250తో దొంగచాటుగా తీయడం కంటే, గడప మీద కూర్చుని రెండు మాటలు మాట్లాడి తీయడమే మర్యాద. నిజంగా వైడ్ కావాల్సిన చోట్లూ ఉన్నాయి, వరంగల్ కోటలోని ఖుష్ మహల్ లోపలి కమానుల్లాంటివి. కిట్ లెన్స్ 18తో సర్దుకోవచ్చు. బొగత జలపాతం దగ్గర ఫోన్ చాలు. నిజానికి తుంపర్లలో కెమెరా లెన్స్ మార్చే సాహసం చేయకపోవడమే మంచిది. మేడారం దుమ్ములో అసలే వద్దు. జాతరకు పోయే ముందే ఒక లెన్స్ పెట్టుకుని, వచ్చేదాకా దాన్ని విప్పకండి.

ఫిల్టర్లలో ఒక్క పోలరైజర్ చాలు. ఆకుల మీద, నీళ్ల మీద మెరుపు తగ్గిస్తుంది, ఒకటి రెండు స్టాపుల వెలుతురు తింటుంది. యూవీ ఫిల్టర్ తప్పనిసరి అని దుకాణంలో అంటగడితే వద్దనండి, దాని బదులు ముందు తగిలించే హుడ్ అడగండి.

తమ్ముడు చివరికి 200డీ, 55-250 తీసుకున్నాడు, సెకండ్ హ్యాండే. వారం తిరక్కముందే ఫోన్: "అన్నా, బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద రాబందులున్నయంట. 150-600 కొనాల్నా?" ఆ లెన్స్ ఒక్కటే రెండు కిలోల దాకా బరువు. అట్లాంటి రాబందులు నిట్టనిలువు బండల మీద గూళ్లు కడతాయి, జనం దగ్గరికి పోతే గూడు వదిలేసే ప్రమాదం ఉంది. ముందు అటవీ శాఖవాళ్లను అడుగు, వాళ్లు రమ్మన్నప్పుడు ఆ ఒక్కరోజుకు లెన్స్ అద్దెకు తెచ్చుకో అన్నాను. అప్పటిదాకా ఆ 55-250ని లెదర్ బ్యాగులో పెట్టి బీరువాలో దాచొద్దని, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, వానకాలంలో నెలకోసారి ఆ పొట్లాలు మార్చమని కూడా చెప్పాను.